వంశమున వచ్చు రొమ్ము క్యాన్సరు

అమెరికాలో నల్లజాతి స్త్రీలకు రొమ్ము క్యాన్సరు తెల్లజాతివారి కంటె కొంచెము తక్కువగానే వచ్చును. దానివలని మరణములు మాత్రము సుమారు 40 శాతము ఎక్కువ. 1994లో బి.ఆర్.సి.ఏ. ఒకటి, 1995లో రెండు అను జన్యువులను శాస్త్రజ్ఞులు వేరుపరచిరి. వీనిలో దోషము తల్లినుండి గాని తండ్రినుండి గాని ప్రతి బిడ్డకును సగము పాలు అవకాశముతో సంక్రమించును. దోషము ఉభయజాతులలోను ఇంచుమించు సమానమే. ఐనను పరీక్ష చేయించుకొమ్మని నల్లజాతి స్త్రీలకు చెప్పు వైద్యులు తక్కువ.

అందుచే బంధువుల తోడు ముఖ్యము. మేనత్తకు, నాయనమ్మకు ఏ వయసున ఏ జబ్బు చేసినదో దాచక చెప్పవలెను. పరీక్షకు వెంట వెళ్ళవలెను. దోషము తేలినవారికి ఏటేటా ఎం.ఆర్.ఐ. పరీక్ష, ముందుజాగ్రత్త శస్త్రచికిత్స వంటి మార్గములు కలవు. తండ్రివైపు వారి సంగతియు మరువక అడుగవలెనని శ్రోతలకు మేము మనవి చేయుచున్నాము.