యంత్రపు దినచర్య యెక్కడికి పోయినది?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల పెద్దలకు కరణము లెక్కల విలువ తెలియనిది కాదు. 1984లో కరణీకము రద్దయినది. 2015లో మీభూమి వచ్చినది. అడంగలును ఇప్పుడు దాచునది డేటాబేసు సర్వరను యంత్రము. నియమించినంత మట్టుకు తన పనులను, దోషములను అది వ్రాసికొనును. ఆ దినచర్యయే లాగు. పేరు మార్పుపై తగవు పుట్టినచో అదియొక సాక్ష్యము.

లైనక్సు యంత్రములలో లాగ్‌రొటేటు అను సాధనము కలదు. డిస్కు నిండిపోకుండుటకై, సామాన్యముగా వారమున కొకమారు పాత పుస్తకమునకు పేరు మార్చి క్రొత్తది తెరచును. 4 పాతవానిని మాత్రము నిలిపి, వానికి ముందుదానిని చెరపును.

చిక్కు ఇచ్చటనే కలదు. సర్వరు చూచునది పేరును గాదు, తాను తెరచిన పుస్తకమునే. క్రొత్తది ఖాళీగా నుండగా పాతదానిలోనే వ్రాయుచుండును. అదియు చెరపబడినచో, సర్వరు ఆగినంతనే ఆ వ్రాత నశించును.

కావున లాగు కానరానప్పుడు సర్వరును తొందరపడి ఆపరాదు. ముందు పాత పుస్తకములను, పిదప డిస్కులోని చోటును, వ్రాయు నధికారమును పరీక్షింపవలెను. పేరు మారినంతనే పుస్తకము మార్చుకొమ్మని సర్వరునకు ఆజ్ఞ పోవునట్లు నియమము చేర్చవలెను.

తగవుగలవారు లాగును భద్రపరచుడని వెంటనే వ్రాతమూలముగా అర్జీ యిచ్చుట మేలు. గడువు దాటినచో సాక్ష్యము మిగులదు.