లారీ కాబినులో చలి రాత్రి

హబ్సిగూడ మీదుగా వరంగల్లు పోయే లారీలలో రాత్రివేళ కాబినే డ్రైవరుకు పడకగది. మబ్బులేని పుష్యమాసపు రాత్రి దాని ఇనుపరేకు ఆకాశములోనికి వేడిని వెదజల్లి త్వరగా చల్లబడుతుంది. కదలని గాలికంటె ఉక్కు సుమారు 2,000 రెట్లు సులభముగా ఉష్ణమును ప్రసరింపజేస్తుంది. అందుచేత ఒంటికి, రేకుకు మధ్య గాలిని పట్టి ఉంచే బొంత అవసరము.

నిద్రించే మనిషి దేహమే సుమారు 70 వాట్ల పొయ్యి. ఆ వేడిని పోనీయకుండుటయే కంబళి పని. ఇది చాలదని తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకొనుట ప్రాణాపాయము. బొగ్గు అరకొరగా మండినపుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగూ వాసనా లేని ఆ వాయువు ఆక్సిజన్‌కంటె 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకొంటుంది. రక్తము ఇక ఆక్సిజన్‌ను మోయలేదు, నిద్రించినవాడు మేల్కొనకపోవచ్చును. కుంపటిని బయటనే ఉంచి, కిటికీ సందు వదలి, కంబళి కప్పుకొని పడుకొనవలెను.