బెర్లిన్ గోడ కూలగానే గ్రామ స్వరాజ్యం వచ్చేసిందా?

కమ్యూనిస్టు పాలన పోయాక తూర్పు ఐరోపా దేశాలన్నీ స్థానిక పాలనను ఒకే అచ్చులో పోసుకున్నాయని చాలామంది అనుకుంటారు. ఇరుగుపొరుగున ఉన్న పోలండ్, చెక్ రిపబ్లిక్‌లను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట నిలబడదు.

అపోహ: కమ్యూనిస్టుల కాలంలో స్థానిక సంస్థలే లేవు.

ఉన్నాయి. రెండు దేశాల్లోనూ జాతీయ మండళ్ల పేరిట అవి పనిచేసేవి, ఎన్నికలూ జరిగేవి. అయితే అభ్యర్థులను ఖరారు చేసేది పార్టీయే. మండలికి సొంత ఆస్తి ఉండేది కాదు. ప్రభుత్వ యంత్రాంగంలో అది అట్టడుగు మెట్టు, అంతే. కాబట్టి అసలు సంస్కరణ కొత్త బోర్డులు తగిలించడం కాదు, ఊరి బడినీ భవనాలనూ స్థలాలనూ ఊరి పేరున రాయడం. ఆ పని పోలండ్‌లో 1990లో, చెక్ గడ్డ మీద 1991లో మొదలైంది.

అపోహ: ప్రజాస్వామ్యం ముందు రాజధానికి వచ్చి, తర్వాత ఊళ్లకు దిగింది.

పోలండ్ విషయంలో ఇది తలకిందులు. 1989 జూన్‌లో పార్లమెంటు దిగువసభకు జరిగిన ఎన్నికల్లో అత్యధిక స్థానాలు ముందే కమ్యూనిస్టులకూ వారి మిత్రపక్షాలకూ కేటాయించారు. పూర్తి స్వేచ్ఛతో జరిగిన తొలి ఎన్నికలు 1990 మే 27 నాటి స్థానిక ఎన్నికలే. అలాంటి పార్లమెంటు ఎన్నికల కోసం 1991 అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది. స్థానిక పాలన నిపుణుడు యెర్జీ రెగుల్‌స్కి వంటివారు ఎన్నో ఏళ్ల ముందు నుంచే ముసాయిదా ఆలోచనలు సిద్ధం చేసుకున్నారు కనుకే అంత త్వరగా స్థానిక పాలన చట్టం తేగలిగారు.

అపోహ: చిన్న ఊళ్లను కలిపేయడమే సంస్కరణ.

ఇక్కడే రెండు దేశాల దారులు చీలాయి. 1950లో చెక్ ప్రాంతంలో 11 వేలకు పైగా గ్రామ సంస్థలు ఉండేవి. బలవంతపు విలీనాలతో 1989 నాటికి సుమారు 4,100 మిగిలాయి. విలీనమంటే జనానికి పెత్తనమే గుర్తొచ్చేది. అందుకే అవకాశం రాగానే ఊళ్లు విడిపోయాయి. కొన్నేళ్లలోనే సంఖ్య 6,200 దాటింది, నేటికీ దాదాపు అంతే. సగానికి పైగా ఊళ్లలో 500 మంది కూడా ఉండరు. వీసోకా ల్హోతాలోనైతే ఇరవై మందికి అటూ ఇటూ. ఇలాంటి చోట మేయరు వేరే ఉద్యోగం చేసుకుంటూనే ఊరి పనులు చూడడం మామూలే.

మరి పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు ఎవరిస్తారు? 2003 నుంచి 205 పట్టణాలకు ఆ బాధ్యత అప్పగించారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అక్కడికి వెళ్తారు. ఊరికి తన కౌన్సిల్ ఉంటుంది, బరువైన కాగితాల పని పట్టణం మోస్తుంది. చిన్న ఊరి ఆత్మగౌరవాన్ని చంపకుండా పని నడిపించే ఈ ఏర్పాటుకు దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

పోలండ్ కమ్యూనిస్టులు కూడా 1973లో ఊళ్లను కలిపి గ్మీనాలు చేశారు. వాటిని మాత్రం ఎవరూ పెద్దగా విడదీయలేదు, ఇప్పటికీ 2,500కు కాస్త తక్కువే ఉన్నాయి. లోపలి ఊళ్ల గొంతు వినిపించడానికి 2009లో గ్రామనిధి చట్టం తెచ్చారు. గ్మీనా ఒప్పుకుంటే ఊరికి కొంత సొమ్ము కేటాయిస్తారు. పదిహేను మంది వయోజనులు కలిసి ప్రతిపాదన పెట్టవచ్చు. ఆటస్థలమా, వీధిదీపాలా అన్నది గ్రామసభ తేలుస్తుంది.

అపోహ: సరిహద్దులు గీయడం అధికారుల బల్ల మీద పని.

1998లో పోలండ్ 49 రాష్ట్రాలను 12కు కుదించాలనుకుంది. ఒపోలే జనం వీధుల్లోకి వచ్చి తమ రాష్ట్రాన్ని నిలుపుకున్నారు. ఆ తర్వాత వచ్చిన 15 రాష్ట్రాల బిల్లును అధ్యక్షుడు క్వాష్‌నియెవ్‌స్కీ తిప్పిపంపారు. చివరకు 16 దగ్గర రాజీ కుదిరి, 1999 జనవరి 1న అమల్లోకి వచ్చింది. బిద్‌గోష్చ్, తోరున్ నగరాల పోటీ ఎంతకీ తెగకపోవడంతో రెంటినీ ఒకే రాష్ట్రానికి రాజధానులు చేశారు. కేంద్రం పంపే గవర్నరు మొదటి నగరంలో కూర్చుంటే, ప్రజలు ఎన్నుకున్న ప్రాంతీయ సభ రెండోదాంట్లో కొలువుదీరుతుంది.