ప్లగ్గు ఎందుకు మాడింది?



మేము ఉండేది నందికొండలో, హిల్ కాలనీలో. పోయిన చలికాలం ఒకరోజు పొద్దున్నే పక్కింటావిడ గోడవతల నుంచి కేకేసింది. "అక్కా, జర ఇటు రా! ఏందో కాలిన వాసనొస్తుంది!" పరుగెత్తి వెళ్లి ముందు మెయిన్ స్విచ్చి దించేశాను. తర్వాత చూద్దును కదా, ఒకే సాకెట్టుకు మల్టీప్లగ్గు తగిలించి, దానికి బకెట్లో పెట్టే హీటర్ రాడ్డు, ఇస్త్రీపెట్టె రెండూ పెట్టారు. ప్లగ్గు నల్లగా మాడి మెత్తబడింది. రెండడుగుల దూరంలో నాలుగేళ్ల పాప ఆడుకుంటోంది! "మొన్ననే కొన్న కొత్త ప్లగ్గక్కా, ఎందుకు కాలింది?" అని ఆవిడ బాధ.

జవాబు చిన్న లెక్కలో ఉంది. అది తెలియాలంటే మూడు మాటలు తెలిస్తే చాలు.

మా సాగర్ కాలువనే తలచుకోండి. ఎత్తు నుంచి నీటిని తోసే ఒత్తిడి లాంటిది వోల్టేజి. దాన్ని వోల్టులలో కొలుస్తారు. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. కాలువలో పారే నీటి పరిమాణం లాంటిది కరెంటు. దాని కొలత ఆంపియర్లు. కాలువ ఇరుకైతే నీటికి అడ్డు తగులుతుంది కదా, ఆ అడ్డంకి లాంటిది నిరోధం. దాని కొలత ఓములు. 1827లో ఈ మూడింటి సంబంధాన్ని పుస్తకంగా ప్రకటించిన జర్మన్ ఉపాధ్యాయుడు జార్జ్ ఓమ్ పేరే దానికి పెట్టారు.

ఇక లెక్క. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు, అంటే ఆ వస్తువు లాగే శక్తి. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓములు, అంటే నిరోధం. అంతే!

ఆవిడ ఇస్త్రీపెట్టె మీద 1000 వాట్లని ఉంది. 1000ని 230తో భాగిస్తే సుమారు 4.35 ఆంపియర్లు. రాడ్డు 1500 వాట్లు. అంటే 6.5 ఆంపియర్లు. రెండూ కలిపితే దాదాపు 11. ఆ చిన్న ప్లగ్గు మీద రాసి ఉన్నదేమో 6 ఆంపియర్లు! ఇస్త్రీపెట్టె మాట అటుంచండి, రాడ్డు ఒక్కటే దానికి ఎక్కువ.

ఎక్కువైతే మాడటం దేనికంటారా? ప్లగ్గులో పిన్ను కాస్త వదులై, అక్కడ అర ఓము నిరోధం ఏర్పడిందనుకోండి. అక్కడ పుట్టే వేడి కావాలంటే ఆంపియర్లను ఆంపియర్లతోనే గుణించి, మళ్లీ ఓములతో గుణించాలి. 11ని 11తో గుణిస్తే 121, అందులో సగం 60 వాట్లు. పాతకాలపు 60 వాట్ల బల్బు వెలుగుతుంటే ముట్టుకోగలమా? ఆ వేడంతా బొటనవేలంత ప్లగ్గులో పుట్టింది! అదే ఇస్త్రీపెట్టె ఒక్కటే పెట్టి ఉంటే 10 వాట్లకు లోపే. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుందన్నమాట.

మరి ఫ్యూజు పోలేదేం? మాటిమాటికీ పోతోందని అంతకు ముందే లావు తీగ కట్టించారట. కాపలావాణ్ణి నిద్రపుచ్చినట్టే కదా!

ఈ సూత్రమే మా ఆనకట్ట దగ్గరా పనిచేస్తుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్కేంద్రంలో ఎనిమిది యంత్రాలున్నాయి. ఒకటి 110 మెగావాట్లు, తక్కిన ఏడూ ఒక్కొక్కటి 100.8 మెగావాట్లు. మొత్తం 815.6 మెగావాట్లు. అన్నీ పూర్తిగా తిరిగితే ఎనిమిది లక్షలకు పైగా ఇస్త్రీపెట్టెలు ఒకేసారి కాగుతాయి! అంత శక్తిని తక్కువ వోల్టులతో దూరాలకు పంపితే ఆంపియర్లు పెరిగి, తీగల్లోనే వేడిగా వృథా అవుతుంది. అందుకే వోల్టులు పెంచి పంపుతారు. వోల్టులు పది రెట్లు పెంచితే ఆంపియర్లు పదోవంతు, అదే తీగలో వేడి నూరోవంతు.

లో వోల్టేజి ఉన్నప్పుడు ఇస్త్రీపెట్టె ఆలస్యంగా వేడెక్కితే పాడైందని కంగారు పడకండి. దాని నిరోధం సుమారు 53 ఓములు. వోల్టేజి 180కి పడిపోతే వచ్చే కరెంటు 3.4 ఆంపియర్లు, శక్తి 612 వాట్లే. తప్పు పెట్టెది కాదు. ఫ్యాన్, ఫ్రిజ్ వంటి మోటారు వస్తువులకు మాత్రం ఈ లెక్క సరిగ్గా ఇలాగే కుదరదు.

బిల్లు సంగతీ ఇంతే. 1000 వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. ఆ రాడ్డు రోజూ అరగంట పెడితే ముప్పావు యూనిట్, నెలకు ఇరవై రెండున్నర యూనిట్లు.

ఇవాళే మీ ఇంట్లో వస్తువుల మీద రాసిన వాట్లు చూసి, 230తో భాగించి, ఒక కాగితం మీద రాసుకోండి. ఆరుకు మించినవన్నీ 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టుకే, అదీ ఒక్కోదానికి ఒక్కటే. ఫ్యూజుకు లావు తీగ కట్టనివ్వకండి. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీశాకే బకెట్లో చెయ్యి పెట్టండి.

పక్కింటావిడ ఇప్పుడు పెద్ద సాకెట్టు పెట్టించుకుంది. ఆ కాగితం వంటింటి తలుపు లోపలివైపు అతికించుకుంది. పాలలెక్క పక్కనే!