పూతరేకుల పెట్టెలో 'బంగారం' అంతిమయాత్ర

భీమవరం: చేపల చెరువుల మీద బతికే ఊళ్లో ఓ చేప చనిపోతే వార్తవుతుందా? అయింది. పట్టణంలోని ఓ చేపల రైతు ఇంట గాజుతొట్టెలో ఎనిమిది నెలలుగా పెరుగుతున్న గోల్డ్‌ఫిష్ 'బంగారం' ఆదివారం ఉదయం కన్నుమూసింది. చేపకు రెప్పలే ఉండవు గనుక ఈ మాట చెల్లదని ఏడేళ్ల మనవడి అభ్యంతరం.

ఖాళీ పూతరేకుల పెట్టెలో దూది పరిచి, పైన మందారపువ్వు పెట్టి, కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టారు. పిల్లాడు పళ్లెం వాయించాడు. ఎదురింటి పిల్లి కూడా ఆఖరుదాకా హాజరైంది. దాని సంతాపాన్ని మాత్రం ఎవరూ నమ్మలేదు.

తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిస్తే, నీటిలో ప్రాణవాయువు తగ్గిందని తాతగారు గట్టు మీది నుంచే పసిగడతారు. ఇంట్లో బంగారం అలాగే నోరు తెరిస్తే, పాపం ఆకలేమోనని పిల్లలు మరింత మేత వేశారు. తినగా మిగిలింది కుళ్లి, ఉన్న వాయువునూ హరించింది. పట్టుబడికి వెళ్లిన తాతగారు తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. టన్నుల లెక్కన చేపలు పెంచిన ఆయన ఆ ఒక్కదాని కోసం చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇంగ్లాండులో 1956లో ఓ సంతలో బహుమతిగా వచ్చిన 'టిష్' అనే గోల్డ్‌ఫిష్ 1999 దాకా, 43 ఏళ్లు బతికి గిన్నిస్ పుస్తకానికెక్కింది. దాన్ని పెరుగు డబ్బాలో పెట్టి పెరట్లో పాతారట. అక్క ఇది చదివి వినిపిస్తే, మన పెట్టే నయమని తమ్ముడు కాస్త తెరిపిన పడ్డాడు.

ఆ మధ్యాహ్నం కొర్రమీను పులుసు ఎవరూ ముట్టలేదు. రాత్రికి గిన్నె ఖాళీ. ఎవరి పనో ఇంతవరకు తేలలేదు.