తన వేగమును తానే దిద్దుకొనే మోటారు

మిద్దె మీద తొట్టి లేక, పంపే నేరుగా గొట్టములకు నీరందించే నాలుగంతస్తుల భవనమును ఊహించుకొందాము. ఉదయము ఏడు గంటలకు అందరూ ఒక్కసారే కొళాయిలు తిప్పుతారు; పై అంతస్తులో స్నానము చేస్తున్న వానికి ధార సన్నగిల్లుతుంది. పది గంటలకు వాడకము తగ్గుతుంది. పంపు మాత్రము అదే వేగముతో తిరుగుతూ గొట్టములలో పీడనమును పెంచుతుంది. పీడనము నిలకడగా ఉండవలెనంటే మోటారు వేగము మారవలెను.

ప్రేరణ మోటారు వేగము దానికందే విద్యుత్తు పౌనఃపున్యమును బట్టి ఉంటుంది. ఆ పౌనఃపున్యమును మార్చి ఇచ్చే సాధనమే డ్రైవు. ఎంత వేగము కావలెనో మనిషి చెప్పనక్కరలేకుండ గొట్టములోని పీడనమే చెప్పేటట్లు చేస్తే అది సంవృత వలయ నియంత్రణము. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రమునకు అమర్చిన తిరుగుడు గుండ్ల గవర్నరు చేసినదీ ఇటువంటి పనే.

గొట్టమునకు బిగించిన గ్రాహకము 0 నుండి 10 బార్ల పీడనమును 4 నుండి 20 మిల్లీ ఆంపియర్ల ప్రవాహముగా మార్చి పంపుతుంది. మనకు కావలసినది 4 బార్లయితే తీగలో 10.4 మిల్లీ ఆంపియర్లు రావలెను. కావలసిన దానికీ ఉన్నదానికీ గల తేడాను దోషము అంటారు.

దోషమును ఒక సంఖ్యతో గుణించి, దానినే వేగముగా ఇచ్చుట సులభమైన మార్గము. ఆ గుణకము 8 అనుకొనండి. పీడనము 1 బారు తగ్గితే దోషము 10 శాతము. వేగము 80 శాతము, అనగా 40 హెర్ట్జ్. అప్పటి వాడకములో 40 హెర్ట్జ్ వద్ద పంపు 3 బార్లే ఇవ్వగలిగితే అది అక్కడే నిలిచిపోతుంది. దోషము సున్న అయితే వేగమూ సున్నయే గనుక, ఈ పద్ధతిలో కొంత లోటు తప్పదు. గుణకమును 40 చేస్తే లోటు తగ్గుతుంది గాని, పంపు ఒకసారి ఉరికి, ఒకసారి మందగించి ఊగిసలాడవచ్చును. గవర్నర్లలోని ఇట్టి చలనములనే 1868లో మాక్స్‌వెల్ గణితముతో పరిశీలించాడు.

ఆ లోటును తీర్చేది సమాకలన భాగము. అది దోషమును క్షణక్షణము కూడుకొంటూ పోతుంది. దోషము సున్న అయిన తరువాత కూడ, కూడిన మొత్తము మిగిలి ఉండి మోటారును తిప్పుతుంది. మూడవదైన అవకలన భాగము పంపులకు సాధారణముగా అక్కరలేదు. గ్రాహకములోని చిన్న వణుకులను అది పెద్దవి చేస్తుంది.

అమర్చేటపుడు ముందు సమాకలనమును ఆపి, ఊగిసలాట మొదలయ్యే వరకు గుణకమును పెంచి, తరువాత సగమునకు తగ్గించవలెను. పిమ్మట సమాకలన కాలమును కొంచెము కొంచెముగా కుదించవలెను. అయితే మోటారు వేగము పుంజుకొనుటకు 30 సెకండ్లు పట్టేటట్లు డ్రైవులో ముందే అమరి ఉంటే, గుణకమును ఎంత మార్చినా ఊగిసలాట పోకపోవచ్చును. చాలామంది ఇక్కడే గంటలు వృథా చేస్తారు.

అసలు ప్రమాదము మరొకటి. గ్రాహకపు తీగ తెగితే ప్రవాహము సున్న అవుతుంది. పీడనమే లేనపుడు కూడ 4 మిల్లీ ఆంపియర్లు ఉంచుట ఈ రెండింటికీ తేడా తెలియుటకే. డ్రైవులో ఆ అమరికను 0 నుండి 20 అని పెట్టితే, తెగిన తీగను అది పీడనము లేకపోవుటగా భావించి పంపును పూర్తి వేగముతో తిప్పుతుంది. కొళాయిలు మూసి ఉన్న వేళ గొట్టములు పగలవచ్చును. కావున 4 నుండి 20 అని పెట్టి, సంకేతము లేనపుడు ఆగవలెనని కూడ నిర్ణయించవలెను. పని ముగిసిన తరువాత కొళాయిలు తెరచి ఉంచి, ఆ సన్నని సంకేతపు తీగను ఒకసారి ఊడదీసి చూడవలెను. మోటారు ఆగకపోతే ఆ పంపును ఇంకా ఎవరికీ అప్పగించరాదు.