కుళ్లుటలోని మేలు

కుళ్లుట అనిన మనకు ఏవగింపు. కాని అది లేకున్న రాలిన ఆకు రాలినట్లే పడియుండెడిది. దానిలోని సారము మట్టికి తిరిగి చేరెడిది కాదు. ఈ పని చేయునవి కంటికి కానరాని సూక్ష్మజీవులు. వీనిచేత మనము రెండు పనులు చేయించుకొనవచ్చును. ఒకటి, పారవేసిన ఆహారమునుండి ఇంధనము తీయుట. రెండు, విషము చేరిన నేలను బాగుచేయుట.

మొదటి పనికి ఉదాహరణ హైదరాబాదులోని బోయినపల్లి కూరగాయల మార్కెట్టు. అక్కడ వాడిన ఆకుకూరలు, చితికిన టమాటాలు వృథాగా పోవుచుండెడివి. భారత రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు రూపొందించిన పద్ధతిలో, అహూజా ఇంజనీరింగ్ సర్వీసెస్ అను సంస్థ అచట బయోగ్యాస్ కేంద్రమును నెలకొల్పినది. రోజునకు 10 టన్నుల వ్యర్థమునుండి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల వంట ఇంధనము లభించునట్లు దానిని నిర్మించిరి. 2021 జనవరి 31న ప్రధానమంత్రి తన ఆకాశవాణి ప్రసంగములో ఈ మార్కెట్టును ప్రస్తావించిరి.

ఇది జరుగు విధమును చూడుడు. వ్యర్థమును ముక్కలుచేసి, జావగా కలిపి, గాలి చొరని తొట్టిలో పోయుదురు. ఒక తెగ సూక్ష్మజీవులు పిండిపదార్థములను, మాంసకృత్తులను, క్రొవ్వులను చిన్న అణువులుగా విడగొట్టును. రెండవ తెగ వానిని ఆమ్లములుగా మార్చును. చివరి తెగ ఆ ఆమ్లములనుండి మీథేను వాయువును పుట్టించును. ఇట్లు వచ్చు వాయువులో నూటికి సుమారు 60 పాళ్లు మీథేను. తక్కినది చాలవరకు బొగ్గుపులుసు వాయువు. మిగిలిన జావ పొలమునకు ఎరువు.

ఇందులో ఒక చిక్కు కలదు. ఆమ్లము చేయునవి చురుకైనవి, మీథేను చేయునవి నిదానమైనవి. వ్యర్థమును ఒక్కసారిగా కుమ్మరించినచో తొట్టిలోని జావ దోసెపిండివలె పులిసిపోయి, వాయువు నిలిచిపోవును. కనుక కొలతప్రకారము పోయవలెను. ప్లాస్టికు సంచులను ఈ జీవులు తినలేవు. కావున చెత్తను పుట్టినచోటనే వేరుచేయుట మొదటి మెట్టు. వేరుచేయక దిబ్బలో పోసినను మీథేను పుట్టుట మానదు; కాని అది ఆకాశమున కలసి, భూమిని వేడెక్కించును.

ఇక రెండవ పని. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలలో ప్రత్తికి, మిరపకు పురుగుమందుల వాడకము హెచ్చు. 1980ల నడిమికాలమున ప్రత్తిపై తెల్లదోమ చెలరేగినపుడు, ఎన్ని మందులు చల్లినను అది లొంగలేదు. రైతులనేకులు అప్పులపాలైరి, కొందరు ప్రాణములే తీసికొనిరి. చల్లిన మందులో కొంత మట్టికిని చేరును. అచట దాని గతి ఏమి?

1973లో సేతునాథన్, యోషిదా అను శాస్త్రజ్ఞులు ఫిలిప్పీన్సు వరిమడిలో పారాథియాన్ అను మందును విడగొట్టు బాక్టీరియాను కనుగొనిరి. దానిలోని ఎంజైము ఆ అణువును రెండుగా కోయగా, విషశక్తి మిక్కిలి తగ్గును. కాని అన్ని మందులు ఇంత సులభముగా లొంగవు. క్లోరిను పరమాణువులు గల డి.డి.టి. ఏండ్ల తరబడి మట్టిలో నిలిచియుండును. రాగి వంటి లోహములు మూలకములు. వానిని ఏ జీవియు విడగొట్టజాలదు. కావున శుద్ధికి ముందు మట్టిని పరీక్షించి, అందున్న విషమేదో తెలిసికొనవలెను. విడగొట్టదగినదైనచో నేలను గుల్లచేసి, తేమ నిలిపి, ఎరువు కలిపి ఈ జీవులను పెంపొందింపవచ్చును. కూరగాయల వ్యర్థమునుండి వచ్చిన ఎరువు ఇచట పనికివచ్చును.

విద్యార్థులు దీనిని తామే పరీక్షింపవచ్చును. ఒక నూలుగుడ్డ ముక్కను, ఒక ప్లాస్టికు ముక్కను రెండు చోట్ల జానెడు లోతున పాతుడు: బడితోటలో ఒకచోట, మందు ఎక్కువగా చల్లు చేనిలో మరియొకచోట. తడి ఆరనీయకుడు. రెండు నెలల తరువాత త్రవ్వి చూచి, చేతులు సబ్బుతో కడుగుకొనుడు. ప్లాస్టికు ఎట్లున్నది? గుడ్డ ఏ నేలలో ఎక్కువగా చివికినది? ఏ మట్టిలో ఈ జీవులు చురుకుగా ఉన్నవో ఆ గుడ్డయే కొంతవరకు చెప్పగలదు.